వెన్నుపాము నొక్కుడు: రిపోర్టు చూసి కోడ్ వేయవచ్చా?

ప్రశ్న: ఐసీడీ-10-సీఎం (జబ్బులకు కోడ్‌లు ఇచ్చే అమెరికా పద్ధతి) ప్రకారం ఇన్‌పేషెంట్ (ఆసుపత్రిలో చేరిన రోగుల) ఛార్టులకు కోడింగ్ చేస్తున్నాను. ఒక ఎంఆర్ఐ రిపోర్టులో సీ5-సీ6 (మెడలోని ఐదు, ఆరో వెన్నుపూసల మధ్య) వద్ద జారిన డిస్కు వెన్నుపామును నొక్కుతోందని ఉంది. డాక్టరు మాత్రం డిశ్చార్జి సమ్మరీలో ‘సీ5-సీ6 డిస్కు జారింది’ అని రాసి ఊరుకున్నారు. మైలోపతి (వెన్నుపాము దెబ్బతిని పనితీరు తగ్గడం) కోడ్ వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. ఇన్‌పేషెంట్ ఛార్టులో స్కానింగ్‌లో కనిపించిన మార్పుకు వైద్యపరమైన ప్రాముఖ్యం ఉందని చికిత్స చేసిన డాక్టరు రాసినప్పుడే దానికి కోడ్ వేయాలి. ఇప్పుడున్న రాతకు ఎం50.222 (సీ5-సీ6 డిస్కు జారడం) వరకే వెళ్లగలరు. మైలోపతి ఉందని డాక్టరు రాస్తే అది ఎం50.022, నరాల మూలం నొక్కుకుపోయి రాడిక్యులోపతి వచ్చిందని రాస్తే ఎం50.122 అవుతుంది. చుక్క తర్వాతి ఒక్క అంకెలోనే రోగి పరిస్థితి మొత్తం మారిపోతోంది, గమనించండి.

కాబట్టి డాక్టరుకు క్వెరీ (రాతలో స్పష్టత కోరే ప్రశ్న) పంపండి. ‘మైలోపతి ఉంది కదా?’ అని జవాబును నోటికి అందించే ప్రశ్న చెల్లదు. చేతివేళ్ల పట్టు తగ్గడం, నడక తడబడటం, హాఫ్‌మన్ పరీక్ష (వేలి గోరును మీటి, బొటనవేలు ముడుచుకుంటుందా అని చూసేది) పాజిటివ్ రావడం వంటివి ఛార్టులో ఉంటే వాటిని ఎంఆర్ఐ వాక్యంతో పాటు ఉటంకించి, వీటికి సంబంధించిన నిర్ధారణ ఏమిటని అడగండి; ఐచ్ఛికాలు ఇస్తే ‘ఇతరం’, ‘నిర్ధారించలేము’ అన్నవీ ఉండాలి.

రిపోర్టులో థీకల్ శాక్ (వెన్నుపాము చుట్టూ ఉండే పొర సంచి) మాత్రమే నొక్కుకుందని ఉంటే, అది వెన్నుపాము నొక్కుడు కాదు; ఈ రెండింటినీ ఒకటిగా చదివేవారు తక్కువేమీ కాదు.