పరిశోధన దశలో ఉన్న చికిత్స కోసం స్థలం అమ్మవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. అరికాలిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్నట్టు బయాప్సీలో తేలింది. అల్ట్రాసౌండ్‌తో, సూక్ష్మ బుడగలతో కణితిని తగ్గించే చికిత్స విదేశంలో ఉందని, రూ.25 లక్షలు అవుతుందని ఒక మధ్యవర్తి చెబుతున్నారు. నాలుగేళ్లుగా రూ.10 లక్షల ఆరోగ్య బీమా ఉంది. రూ.12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఒక ఇంటి స్థలం ఉన్నాయి. స్థలం అమ్మేయమంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ఇప్పుడు అమ్మవద్దు. ఆ మధ్యవర్తికి అడ్వాన్సు కూడా ఇవ్వవద్దు.

ఆ చికిత్స కల్పన కాదు. పల్చని కొవ్వు పొరలో వాయువు నింపిన అతిసూక్ష్మమైన బుడగలను నరం ద్వారా ఎక్కించి, కణితి ఉన్నచోట అల్ట్రాసౌండ్ తరంగాలను ప్రసరింపజేస్తే, అవి ఉబ్బుతూ, కుంచించుకుపోతూ, కొన్ని పగిలిపోతూ రక్తనాళాల గోడలను కాసేపు వదులు చేస్తాయి. ఆ దారిన క్యాన్సర్ మందు కణితిలోకి ఎక్కువగా చేరుతుంది. గుండె స్కానింగులో చిత్రం స్పష్టంగా రావడానికి ఇలాంటి బుడగలను ఏళ్లుగా వాడుతూనే ఉన్నారు. అయితే మెలనోమా మీద జరిగిన ప్రయోగాలు ఎక్కువగా ఎలుకలకే పరిమితం. మనుషులపై జరిగినవాటిలో తరచూ ప్రస్తావనకు వచ్చే నార్వేలోని బెర్గెన్ అధ్యయనం (2016) క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు సంబంధించినది. అందులో ఈ చికిత్స పొందినవారు 10 మందే, వారిని పోల్చింది కూడా అంతకుముందు మామూలు చికిత్స తీసుకున్న రోగులతోనే. ఫలితాలు ఆశ కలిగించేవే కానీ, వాటిని నమ్మి ఒక కుటుంబం ఆస్తి అమ్ముకునేంత బలమైనవి కావు.

నిజమైన క్లినికల్ ట్రయల్‌లో (కొత్త చికిత్సను మనుషులపై పద్ధతిగా పరీక్షించే అధ్యయనంలో) ప్రయోగాత్మక చికిత్స ఖర్చును సాధారణంగా దాన్ని నిర్వహించే సంస్థే భరిస్తుంది. కాబట్టి ఆ మధ్యవర్తిని ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, దాన్ని మీ క్యాన్సర్ వైద్యునికి చూపించండి. నంబరు ఇవ్వకుండా డబ్బు మాత్రమే అడిగితే ఆ సంభాషణను అక్కడితో ఆపేయండి.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. మన ఆరోగ్య పాలసీలలో ‘నిరూపితం కాని చికిత్సలు’ అనే ప్రామాణిక మినహాయింపు ఉంటుంది కనుక ఈ 25 లక్షల్లో ఒక్క రూపాయి కూడా వెనక్కి వస్తుందని ఆశించకండి. అదే మీ వైద్యులు ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందులు) ఇంజెక్షన్లు సూచిస్తే పరిస్థితి వేరు: బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో అవి ఉన్నాయి, వాటిని పూర్తిగా మినహాయించడానికి వీల్లేదు. అయితే కంపెనీలు వాటికి ఉపపరిమితి, అంటే బీమా మొత్తంలో ఇంతవరకే చెల్లిస్తామన్న హద్దు, పెట్టవచ్చు. మీ పాలసీ పత్రంలో ‘ఆధునిక చికిత్సలు’ అన్న పట్టిక తెరిచి, ఇమ్యునోథెరపీకి ఎదురుగా పూర్తి బీమా మొత్తం రాసి ఉందో, సగమే ఉందో ఈ రోజే చూడండి. ఈ మందులు నెలల తరబడి ఇవ్వాల్సి రావచ్చు. మీ డబ్బు అసలు అవసరమయ్యేది అక్కడే. మందుల కంపెనీల రోగి సహాయ పథకాల గురించి ఆసుపత్రిలోనే అడగండి.

కణితిని తొలగించడానికి ముందుగా జరిగే శస్త్రచికిత్సకు బీమానే వాడండి. బీమా చాలనప్పుడు డిపాజిట్‌ను రద్దు చేయకుండా దాని మీద బ్యాంకు రుణం తీసుకోండి. తొందరలో అమ్మే స్థలానికి సరైన ధర రాదు కాబట్టి దాని వంతు చివరన రావాలి. వైద్యులు ఇమ్యునోథెరపీ ఎన్ని నెలలు అవసరమో లిఖితపూర్వకంగా చెప్పాక, ఆ అంచనాతో మళ్లీ రాయండి, ఎంత తక్కువపడుతుందో లెక్క వేద్దాం.