రెండో తీగ, ఏడో ఫ్రెట్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ గిటార్ పాఠాల పుస్తకం రాతప్రతి చేరింది. మూడో అధ్యాయంలో మొదటి బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఎ మైనర్ పెంటాటోనిక్ అనే అయిదు స్వరాల స్కేలు, అయిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) దగ్గర మొదలయ్యే బాక్సు, అంటే చెయ్యి ఒకచోటే ఉంచి వాయించే చుక్కల అమరిక. అందులో రెండో తీగ మీద అయిదు, ఏడు అని చుక్కలు పెట్టావు. చెయ్యి జారిందేమో అనుకుని పేజీ తిప్పాను. తరవాతి రెండు బొమ్మల్లోనూ అదే ఏడు. అక్కడ ఉండాల్సింది ఎనిమిది.

చుక్క ఒక గడి పక్కకి జరిగింది, అంతే కదా అంటావు. గిటార్ ఒళ్ళో పెట్టుకుని నీ బొమ్మ ప్రకారమే వాయించి చూడు. ఎ స్వరాన్ని స అనుకుంటే కింది స్థాయిలో స గ మ ప ని అని పలుకుతుంది. పై స్థాయికి వచ్చేసరికి ని పోయి ద వస్తుంది. చెవి ఉన్నవాడెవడైనా అక్కడ ముఖం చిట్లిస్తాడు. నువ్వు చిట్లించలేదంటే ఆ బొమ్మని ఒక్కసారి కూడా వాయించలేదన్నమాట. ఎక్కడినుంచో తెచ్చి అతికించి, కింద "ఈ అయిదు బాక్సులూ బట్టీ పడితే ఫ్రెట్‌బోర్డు మొత్తం మీ సొంతం" అని రాసేశావు. నాకు ఒళ్ళు మండింది ఆ వాక్యానికి.

మాస్టారూ అని పిలిచావు గనక చనువుగానే రాస్తున్నాను. నీ తెలుగు బాగుంది, చదివిస్తుంది. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

బాక్సులు బట్టీ పట్టినవాళ్ళని ఎంతమందిని చూశానో. లావుగా ఉండే ఆరో తీగ మీద మొదలెట్టి సన్నగా ఉండే ఒకటో తీగ దాకా వేళ్ళు గబగబా ఎక్కుతాయి, అంతే జోరుగా దిగుతాయి. మధ్యలో ఆపి "ఇప్పుడు నీ వేలి కింద ఉన్న స్వరం ఏమిటి?" అని అడిగితే మళ్ళీ ఆరో తీగ దగ్గరికి పోయి లెక్క మొదలెడతారు. ఏడెనిమిదులు ఎంతరా అంటే ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి అందుకునే పిల్లాడి వరస అది. నీ పుస్తకం చదివి నేర్చుకున్నవాడూ అలాగే తయారవుతాడు.

నేను చెప్పేది ఒకటే. ముందు ఒక్క తీగ. మూడో తీగ తీసుకో. ఖాళీగా మీటితే జి. దాన్నే స అనుకో. రెండో ఫ్రెట్ రి, నాలుగు గ, అయిదు మ, ఏడు ప, తొమ్మిది ద, పదకొండు ని, పన్నెండు పై స. మేజర్ స్కేలు ఇదే, మన శంకరాభరణం స్వరాలూ ఇవే. ఒక్క వేలితో, మెల్లగా, నోటితో స్వరం అంటూ వాయించమను. గ నుంచి మ కి ఒక్క ఫ్రెట్టే. ని నుంచి స కీ అంతే. మిగతా అన్ని చోట్లా మధ్యలో ఒక ఫ్రెట్ వదిలి వెళ్ళాలి. ఎంత దూరం జరిగితే స్వరం ఎంత పైకి పోయిందో కంటికీ, చేతికీ, చెవికీ ఒకేసారి తెలుస్తుంది. బాక్సులో ఈ సుఖం లేదు. వేలు పక్క తీగ మీదికి దూకగానే దూరం లెక్క తెగిపోతుంది. పైగా సున్నా, రెండు, నాలుగు, అయిదు, ఏడు అనే ఆ అంకెలు ఏ తీగకైనా అవే. ఆరు తీగల కోసం ఆరు పాఠాలు అక్కర్లేదు.

అది నోటికీ చేతికీ పట్టాక అదే తీగ మీద జంట వరసలు. ససరిరిగగమమ. ఆ తరవాత దాటు వరసలు. పాశ్చాత్య గిటార్ పాఠాల్లో సగ, రిమ, గప అని ఒక స్వరం వదిలి ఒకటి వాయించే అభ్యాసాలని చాలా గొప్పగా చెబుతారు. సంగీతం నేర్చుకునే మన పిల్లలు అలాంటివి గొంతుతో పాడుతూనే ఉన్నారు. నువ్వు విజయవాడలో కూర్చుని తెలుగు పిల్లలకి పుస్తకం రాస్తూ వాటిని ఒక్కచోట కూడా తలుచుకోలేదేం?

నేను గిటార్ పట్టింది రాజమండ్రిలో. చర్చిలో వాయించే ఒకాయన పాతది అమ్మితే కొన్నాను. తీగలు బోర్డుకి ఎంత ఎత్తులో ఉండేవంటే ఎఫ్ కార్డు పట్టుకుంటే చూపుడు వేలు చీరుకుపోయేది. తీగ తెగితే మద్రాసు వెళ్ళేవాళ్ళని బతిమాలి తెప్పించుకోవాలి. నేర్పేవాళ్ళు లేరు. పక్క వాటాలో మాత్రం ఒక వీణ టీచరు గారు ఉండేవారు. సాయంత్రం పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. నేను మెట్ల మీద కూర్చుని వినేవాణ్ణి. ఆవిడ పాడించకుండా వీణ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఏ పిల్లయినా నోరు మూసుకుని మీటితే, వీణ కుండ మీద గోటితో టక్కుమని కొట్టి "నోటితో అను" అనేవారు. వీణకి ఇరవై నాలుగు మెట్లు. ఆ పిల్లల చెయ్యి ఎక్కువగా తీగ వెంటే పైకీ కిందికీ నడిచేది. నేను ఇంట్లోకి పోయి అదే గిటార్ మీద చేసేవాణ్ణి. బాక్సులనేవి ఉన్నాయని చాలా కాలం తరవాత గానీ తెలీదు.

అది అన్నం పెట్టింది నాకు. పెళ్ళిళ్ళలో పాడే ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. నోటేషన్ రాసిచ్చే అలవాటు వాళ్ళకి లేదు. వ్యాన్లో పోతూ పోతూ లీడరు పాట మధ్యలో వచ్చే బిట్‌ని నోటితో పాడేవాడు. రాత్రి స్టేజీ మీద అది పలకాలి. నాకంటే వేగంగా వాయించే కుర్రాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు, ఆ వ్యాన్లో వాళ్ళకి ఏమీ అంతుపట్టేది కాదు. నేను స్వరాలు చెప్పుకుంటూ తిరిగి పాడేసేవాణ్ణి. సోలోలు నాకు వచ్చాయి. వాళ్ళకి నా మీద కోపం కూడా వచ్చిందనుకో, అది వేరే సంగతి.

నా ఒక్కడి గొడవే అనుకుంటావేమో. మాండలిన్ శ్రీనివాస్ సంగతి నీకు తెలిసే ఉండాలి. 1969లో పాలకొల్లులో పుట్టాడు. అతనికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని వాయించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో ఆ గురువు చూపించకపోవడం వల్లే ఆ చెయ్యి అలా తయారైందని నా నమ్మకం. కాదంటే నీ ఇష్టం.

మరి బాక్సులు దండగా అంటే, కాదు. సింగరు గొంతు బాగాలేదని శ్రుతి రెండు నుంచి ఒకటిన్నరకి దించమంటే మొత్తం చెయ్యి ఒక్క ఫ్రెట్ వెనక్కి జరిపితే సరిపోతుంది. ఆ సౌకర్యం అన్ని వాద్యాల్లోనూ ఇంత తేలిగ్గా దొరకదు. నేర్పాల్సిందే, కానీ తరవాత. నేర్పేటప్పుడైనా కారణం చెప్పి నేర్పు. "మూడో తీగ నుంచి రెండో తీగకి వెళ్ళేటప్పుడు జాగ్రత్త" అని రాసి ఊరుకున్నావు. ఎందుకు జాగ్రత్త? రోజూ శ్రుతి చేసేటప్పుడు చేస్తున్నదే కదా. ఏ తీగకైనా అయిదో ఫ్రెట్ నొక్కితే పక్క ఖాళీ తీగ స్వరం వస్తుంది, మూడో తీగకి మాత్రం నాలుగో ఫ్రెట్ నొక్కాలి. అక్కడ జి నుంచి బి కి దూరం ఒక మెట్టు తక్కువ. అందుకే ఏ ఆకారమైనా రెండో తీగ మీదికి రాగానే ఒక ఫ్రెట్ ముందుకి జరుగుతుంది. అన్ని తీగల మధ్యా ఒకే దూరం పెడితే బొమ్మలు చక్కగా ఉండేవి గానీ, రెండు చివరి తీగలూ ఇ కి కలిసేవి కావు, చూపుడు వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి పట్టే బ్యారే కార్డు పట్టుకోవడం నరకమయ్యేది. ఇంత చెబితే పిల్లలు ఆ వంకర ఎప్పటికీ మర్చిపోరు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా 1953లో అచ్చు వేయించిన స్కేళ్ళ వేళ్ళ అమరిక చూడు, చెయ్యి ఒకచోట కట్టేసినట్టు ఉండదు, తీగ వెంట పైకి పోతూ ఉంటుంది.

ఇప్పుడు నీ అయిదు బాక్సుల సంగతి. ఎ, సి, డి, ఇ, జి. ఇవే కదా ఆ అయిదు స్వరాలు. సి ని స చేసుకుని వాయిస్తే మోహనం. డి ని స చేస్తే మధ్యమావతి. ఇ అయితే హిందోళం. జి అయితే శుద్ధసావేరి. ఎ అయితే ఉదయరవిచంద్రిక. గ్రహభేదం అని మనవాళ్ళు చెప్పేది దీన్నే. నీ బాక్సులు ఆరో తీగ మీద 3, 5, 8, 10, 12 ఫ్రెట్ల దగ్గర మొదలవుతాయి. జి, ఎ, సి, డి, ఇ. నువ్వు వాటికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశావు. ఏ బాక్సులో ఉన్నా సరే, కింద ఏ శ్రుతి మోగుతోందన్నదాన్ని బట్టి రాగం మారుతుంది. అయిదో ఫ్రెట్ దగ్గర చెయ్యి కదపకుండా ఖాళీ ఆరో తీగని మోగనిస్తూ పై తీగల మీద వాయించు, హిందోళం ఛాయ వస్తుంది. ఖాళీ అయిదో తీగ మోగిస్తే ఉదయరవిచంద్రిక. ఖాళీ నాలుగో తీగ అయితే మధ్యమావతి. మూడోది అయితే శుద్ధసావేరి. మోహనం ఒక్కదానికే ఖాళీ తీగ లేదు, ఫోనులో శ్రుతిపెట్టె సి లో పెట్టుకో. గమకం లేకుండా రాగమెలా అవుతుందని సంగీతం మాస్టర్లు నామీద విరుచుకుపడతారు. పడనీ. నేర్చుకునేవాడికి స ఎక్కడుందో వెతుక్కునే చెవి వస్తే నాకు చాలు.

అచ్చు వేయించడం గురించి అడిగావు. ఒకప్పుడు ఒక వారపత్రికలో గిటార్ పాఠాలు రాశాను. ఎడిటరుగారికి స్వరాలు కనపడితే గిట్టేది కాదు. "ఈ సరిగమలు ఎవరిక్కావాలండీ, నంబర్లు వెయ్యండి చాలు" అనేవారు. ఒక వారం పెళ్ళి సంబంధాల ప్రకటన ఎక్కువైందని పాఠంలో కింది రెండు వరసలూ కోసేశారు. స్కేలు పంచమం దగ్గర ఆగిపోయింది. "మిగతా మెట్లు వచ్చే వారం ఎక్కాలా?" అని పాఠకులు ఉత్తరాలు రాశారు, వాటినీ వెయ్యలేదు. ఆ తరవాత ఒక ప్రచురణకర్త పుస్తకం వెనక సినిమా పాటల ట్యాబులు (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చూపే అంకెలు) చేర్చమన్నాడు, అట్ట మీద నెల రోజుల్లో గిటార్ అని వేద్దామన్నాడు. నెల రోజుల్లో వేలి కొసలు గట్టిపడితే గొప్ప. ఇప్పుడేమో వీడియోలు వచ్చాయి, తెర మీద చుక్కలు వెలుగుతుంటాయి, కుర్రాళ్ళు చుక్క వెంట వేలు పరిగెత్తిస్తారు. తెర ఆపితే చెయ్యి ఆగిపోతుంది. వాళ్ళతో పోటీ పడి నువ్వూ చుక్కలే పెట్టాలా?

లయ కొట్టే మెట్రోనోమ్ గురించి అడిగావు. పెట్టుకో.

నీ రాతప్రతిలో నాకు నచ్చిన చోటు ఒకటి ఉంది. ఆరో అధ్యాయం చివర రెండు వాక్యాలు. ఇంటి ఓనరు గొడవ చేస్తున్నాడని రాత్రిళ్ళు గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల కింద చేతిరుమాలు దోపి వాయించేవాణ్ణనీ, శబ్దం బయటికి రాక స్వరాలు గొణుక్కోవడం మొదలెట్టాననీ రాశావు. ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివాను. ఎవడి పుస్తకంలోంచీ తెచ్చింది కాదది. దాన్ని తీసుకెళ్ళి "ప్రాక్టీసు చిట్కాలు" అనే మూలన పడేశావు. పుస్తకం అక్కడ మొదలవ్వాలి. రుమాలు ఎలా దోపావు, తీగ ఎలా టుక్కుమని మూగగా పలికింది, ముందు ఏ స్వరం గొణిగావు, అది సరిగ్గానే పలికిందని తెల్లారి రుమాలు తీసి ఎలా చూసుకున్నావు, అదంతా రాయి. నేర్చుకునేవాడికి పనికొచ్చే పాఠం అందులో ఉంది. పాఠం రాసేవాడు ఒళ్ళో గిటార్ లేకుండా ఒక్క వాక్యం రాయకూడదని నా పట్టుదల. ఒక అంకె వెయ్యి, వాయించు, విను, అప్పుడు తరవాతి అంకె. మెల్లగా సాగుతుంది. సాగనీ.

కొత్తగా రాసిన మొదటి అధ్యాయం పంపేటప్పుడు బొమ్మలు పెట్టకు. నువ్వు మూడో తీగ మీద పాడుతూ వాయించింది ఫోనులో రికార్డు చేసి దాంతోపాటు పంపు. గొంతు బాగుందా లేదా అన్నది నాకు అనవసరం. ఆ ఏడుని మాత్రం ఇవాళే ఎనిమిది చెయ్యి, మూడు చోట్లా.

ఆశీస్సులతో,
మాస్టారు