డెల్టా నల్లమట్టిలో, పెరట్లో పెండలం తీగ పెంచవచ్చా?

నిక్షేపంగా పెంచవచ్చు. అయితే మీరు అడుగుతున్నది పెండలమా, కర్రపెండలమా అన్నది ముందు తేల్చుకోండి. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యానికి వేసేది కర్రపెండలం. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పొద, తీగ కాదు. అసలు పెండలం పలకలుగా ఉండే కాడతో, హృదయాకారపు ఆకులతో కర్రను చుట్టుకుంటూ పైకి పాకుతుంది.

డెల్టాలో దీనికి శత్రువు మట్టి కాదు, నిలిచే నీరు. వానాకాలంలో రెండు రోజులు మడుగు కట్టిందంటే దుంప కుళ్లినట్టే. అందుకే గొయ్యి తవ్వి వదిలేయకుండా, అందులో మాగిన పశువుల ఎరువు, ఎండుటాకులు, కాస్త ఇసుక కలిపి నింపి, పైన మోకాలెత్తు మట్టిదిబ్బ పోయండి. లంక మట్టి, అంటే నది లంకల్లోని ఇసుక కలిసిన ఒండ్రు దొరికితే, వేరే ఇసుక అక్కరలేదు.

మే, జూన్ నెలల్లో పావుకిలో దుంప ముక్కను, తొక్క ఉన్నదాన్ని, కోసిన వైపు బూడిద అద్ది నాటండి. మొలక రాగానే వెదురు పాతండి. కొబ్బరి చెట్టుకు పాకిస్తే పందిరి ఖర్చు తప్పుతుంది, కానీ మరీ నీడైతే దుంప ఊరదు.

ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకులు పసుపుబారి తీగ ఎండుతుంది. అప్పుడు దూరం నుంచి నెమ్మదిగా తవ్వండి, గునపం తగిలిన దుంప నిల్వ ఉండదు. చెక్కేటప్పుడు చేతులు దురద పెడతాయి, నూనె రాసుకోండి. పచ్చిగా తినకూడదు, ఉడికించాల్సిందే. అడవిలో కనిపించిన తీగ దుంపల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో విషపు రకాలూ ఉన్నాయి.