కోటా ఫార్మేషన్‌కి వెళ్తే డైనోసార్ ఎముకలు కనబడతాయా? రాయో ఎముకో ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగింది రెండు విషయాలు. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు కోటా ఫార్మేషన్ (అంటే ఒక కాలంలో ఏర్పడిన రాతి పొరల వరుస) రాళ్లలో డైనోసార్ ఎముకలు దొరికాయంటారు కదా, ఇప్పుడు వెళ్తే మామూలు మనిషికి ఏమైనా కనబడుతుందా అన్నది ఒకటి. చేతికొచ్చింది రాయో ఎముకో ఎలా తెలుస్తుందన్నది రెండోది. ఎమ్మెస్సీ జియాలజీ చదివేటప్పుడు ఆ చుట్టుపక్కల రెండు సీజన్లు తిరిగాను. నేను డైనోసార్ల మీద పనిచేసినవాణ్ని కాదు, టేపు పట్టుకుని రాతి పొరలు కొలుచుకుంటూ పోయినవాణ్ని. నాకు తెలిసినంత చెబుతాను.

కనబడుతుంది, కానీ మీరు ఊహించుకుంటున్నది కాదు. నేనూ మొదటిరోజు ఏదో వాగు గట్టులోంచి తొడ ఎముక పొడుచుకొచ్చి నాకోసం ఎదురుచూస్తుంటుందన్నట్టే బయల్దేరాను. సాయంత్రానికి మిగిలింది వడదెబ్బ తగిలినంత తలనొప్పి, రెండు చేప పొలుసులు. ఆ పొలుసులే ఇప్పటికీ గుర్తున్నాయి.

ముందు ఒక అయోమయం తీర్చేస్తాను. ఇళ్లలో ఫ్లోరింగుకి వేసే కోటా స్టోన్‌కీ దీనికీ సంబంధం లేదు. అది రాజస్థాన్‌ది, ఇంతకంటే ఎంతో పాతది. మన కోటా అంటే సిరొంచకి ఎగువన, ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపున్న చిన్న ఊరు. ఫార్మేషన్‌కి పేరు అక్కణ్నుంచే వచ్చింది. ఆ రాళ్లు నదికి రెండు వైపులా, అంటే తెలంగాణలోనూ గడ్చిరోలి జిల్లాలోనూ ఉన్నాయి.

ప్రాణహిత-గోదావరి లోయ అంతా భూమి పొడవునా చీలి, మధ్యభాగం కుంగిపోయిన ఒక పల్లం. అందులోకి కోట్ల ఏళ్లపాటు నదులు ఇసుక, మట్టి తెచ్చి నింపుతూ పోయాయి. సింగరేణి బొగ్గు కూడా ఈ పల్లంలోదే. కాకపోతే బొగ్గుకీ కోటా రాళ్లకీ మధ్య వేల అడుగుల రాయి, తొమ్మిది పది కోట్ల ఏళ్ల కాలం అడ్డం. పొరలు ఈశాన్యం వైపు కొద్దిగా వాలి ఉంటాయి కాబట్టి, మలేరి ఊరి దగ్గర ఎర్రమట్టిలో మొదలుపెట్టి ప్రాణహిత వైపు నడిస్తే ట్రయాసిక్ కాలం నుంచి దాని తర్వాతి జురాసిక్ కాలంలోకి నడుచుకుంటూ వచ్చినట్టే. ఆ ఎర్రమట్టి మలేరి ఫార్మేషన్‌ది. మొసలిలాంటి పారాసూకస్, ముక్కు వంగిన హైపరోడాపెడాన్, ఊపిరితిత్తుల చేప పళ్లు అందులోవి. నిజం చెప్పాలంటే మలేరిలో కొత్తవాడికి ఎముక కంటే ముందు దొరికేది రాయిగా మారిన పేడ. నవ్వకండి, ఆ జంతువు ఏం తిన్నదో అదే చెబుతుంది.

దానిపైన ధర్మారం అనే ఇంకో ఫార్మేషన్, ఆ పైన వచ్చేది కోటా. అడుగున గులకరాళ్లు కలిసిన ఇసుకరాయి, ఎర్ర బంకమట్టి, ఆపైన సున్నపురాయి పట్టీ, దాని మీద మళ్లీ ఇసుకరాయి, మట్టి. ఇదంతా ఎర్లీ జురాసిక్‌దని చాలాకాలంగా అంటున్నారు. అంటే 20 కోట్ల ఏళ్ల నుంచి 17 కోట్ల చిల్లర దాకా. పై భాగం మిడిల్ జురాసిక్‌లోకి వస్తుందనే వాదన కూడా ఉంది.

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది ఆ సున్నపురాయి. లేత బూడిదరంగులో, పలకలు పలకలుగా ఉంటుంది. పలక అంచున ఉలి పెట్టి మెల్లగా కొడితే పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోతుంది. నేను విడదీసిన పలకల్లో పదికి తొమ్మిది ఖాళీ. ఒకదానిలో మాత్రం డైమండ్ ఆకారంలో, చిన్నవేలి గోరంత, ముదురు గోధుమరంగు పొలుసు ఒకటి మెరిసింది. భూతద్దం పెట్టి చూస్తే పైన పింగాణీ పూత పూసినట్టుంది. లెపిడోటిస్ లాంటి పాతకాలపు చేపల పొలుసులు ఇలాగే ఉంటాయి. ఇప్పటి చేపలకున్నట్టు పల్చగా కాదు, కవచంలా మందంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు. లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అని ఈ చేపకి పేరు పెట్టింది 1851లో. అంటే ఇక్కడ డైనోసార్లున్నాయని ఎవరికీ తెలియకముందు వందేళ్ల పైమాటే ఈ రాళ్లు చేపలవల్ల పేరు తెచ్చుకున్నాయి. ఐరోపా జురాసిక్ చేపలతో పోల్చే వీటి వయసు కట్టారు.

ఇక డైనోసార్ల సంగతి. 1957లో మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. ఆమె మొదలుపెట్టిన పని వల్లే ఈ లోయ తవ్వకాలకి ఊపొచ్చింది. సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి దగ్గర దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి, కనీసం ఆరు జంతువులవి. (ఇది చీరల పోచంపల్లి కాదు.) 1975లో ఆ పొడుగు మెడ డైనోసార్‌కి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. తవ్వకం జరిగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి టాగోరై. ఎముకలతోపాటే రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులు కూడా ఉన్నాయి, అందుకే ఏదో పెద్ద వరద ఆ గుంపునీ చెట్లనీ కలిపి ఈడ్చుకొచ్చి పడేసిందని తవ్వినవాళ్లు అనుకున్నారు.

తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లకి దొరికింది అలాంటిదే ఇంకో డైనోసార్, కోటాసారస్. దాన్ని 1988లో యాదగిరి గారు వర్ణించారు. విచిత్రమేంటంటే ఈ రెండిటికీ పుర్రె దొరకలేదు, ఏవో కొన్ని పళ్లు తప్ప. ఇలాంటి జంతువుల పుర్రె ఎముకలు పల్చన, అతుకులు బలహీనం, కాబట్టి నీళ్లలో ముందు విడిపోయి కొట్టుకుపోయేది అదే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్‌ని చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. తల ఊహించి చేసిందే.

ఇంకో రకం వేట ఉంది, నా ఉద్దేశంలో అసలు ఓపిక దానికే కావాలి. కోటా బంకమట్టిలో తొలినాటి క్షీరదాల పళ్లు దొరికాయి. కోటాథీరియం అని ఒకదానికి పేరు. అవి ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఆవగింజంత. బస్తాలకొద్దీ మట్టి తెచ్చి, నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, ఎండబెట్టి, మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోప్ కింద తడి కుంచెతో ఒక్కొక్కటీ ఏరాలి. నేను మూడు రోజులు కూర్చుంటే ఒక విరిగిన చేప పన్ను, గింజల్లాంటి ఆస్ట్రకాడ్ (నీళ్లలో బతికే నలుసంత జీవి) గుల్లలు కొన్ని వచ్చాయి. క్షీరదం పన్ను నా ముఖాన రాసిపెట్టలేదు.

ఇప్పుడు రాయా, ఎముకా? రంగు చూసి మోసపోవద్దు, ఎముక తెల్లగా ఉండాలనేం లేదు. విరిగిన అంచు చూడండి. బయట దట్టమైన గట్టి పొర, లోపల స్పాంజిలా చిన్నచిన్న రంధ్రాలు ఉంటే ఎముక కావచ్చు. నిలువునా నారలు కనబడితే చాలావరకు శిలాజ కలపే. మట్టిలో దొరికే సున్నపు గడ్డలు అచ్చం వేలి ఎముకల్లా ఉండి అందర్నీ బోల్తా కొట్టిస్తాయి. నేను కనీసం పది ఏరాను. వాటిని విరిస్తే లోపలంతా ఒకేలా ఉంటుంది. ఫీల్డ్‌లో చాలామంది నాలుకకి ఆనించి చూస్తారు. రంధ్రాలున్న శిలాజ ఎముక అతుక్కుంటుంది. అయితే కొన్ని మట్టిరాళ్లు కూడా అతుక్కుంటాయి, పైగా పశువులు తిరిగే చోట ఆ పని చెయ్యకపోవడమే మంచిది. ఈమధ్య చచ్చిన గొడ్డు ఎముకైతే తేలిగ్గా ఉంటుంది, సెగ తగిలిస్తే వెంట్రుకలు కాలిన వాసనొస్తుంది. శిలాజానికి రాదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రెండో సీజన్‌లో అరచేతి పొడవున్న ఎముక ముక్క ఒకటి దొరికింది, అనుమానం లేదు, నిజమైనదే. సంబరంలో తీసి బ్యాగులో పడేసుకున్నాను. క్యాంపుకొచ్చాక సార్ అడిగినవి రెండే: ఏ పొరలోంచి తీశావు, పైకి ఏ వైపు ఉంది? పొర అంచున ఉందా, వాన నీటికి దొర్లి వచ్చిందా అన్నది కూడా చూడలేదు నేను. మర్నాడు పొద్దున వెనక్కి వెళ్లి మూడు గంటలు వెతికాను. అన్ని గట్లూ ఒకేలా ఉన్నాయి. ఆ ముక్క మలేరిదో కోటాదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. మధ్యలో రెండు కోట్ల ఏళ్లు అటూ ఇటూ.

అందుకని మీరు వెళ్తే, దొరికింది పెకిలించకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గర్నుంచి ఒక ఫొటో, గట్టు మొత్తం వచ్చేలా ఇంకో ఫొటో, ఫోన్‌లో లొకేషన్. అవి తీసుకెళ్లి హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసులో చూపించండి. చాలా చోట్ల అడవి ఉంటుంది కాబట్టి ముందే అటవీ శాఖని అడగండి. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి, వానలకి కొత్తగా కడిగిన గట్లు అప్పటికి ఆరి ఉంటాయి. ఫొటోలు ఇక్కడ పెడితే నేనూ చూస్తాను, సున్నపు గడ్డలైతే మాత్రం మొహమాటం లేకుండా చెప్పేస్తాను.