మార్కు సువార్త చదివించబోతున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి, ప్రభువు నామంలో మామయ్య దీవెనలు.

శుక్రవారం సాయంత్రాలు స్నేహితురాళ్ళతో కలిసి మార్కు సువార్త చదవబోతున్నామని, నిన్నే నడిపించమన్నారని రాశావు. చాలా సంతోషమమ్మా. నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు. మొదటిసారి కూర్చునేవాళ్ళకు అంతకంటే మంచిది లేదు.

కూడిక మొదలయ్యేలోపు నువ్వు ఒక్కదానివే మొత్తం సువార్తను ఒకే విడతలో పైకి చదువు. గంటన్నర పట్టవచ్చు. పది అధ్యాయాలు పరుగులు తీసిన కథ, యెరూషలేములో అడుగుపెట్టాక నెమ్మదిస్తుంది. యేసు చివరి వారం సంగతులకే దాదాపు ఆరు అధ్యాయాలు. వారానికింత అని ముందే లెక్కగట్టి పంచేస్తే ఆ భాగానికి వచ్చేసరికి హడావుడి పడతారు.

కూడికలో ప్రసంగం చేయకు. నీకు వాక్యం బాగా తెలుసు, జవాబు నాలుక చివరే ఉంటుంది, అయినా ఆపుకో. వచనంలో ఏముందో అందరూ చూడాలి, దాని భావం మాట్లాడుకోవాలి, ఆ తర్వాతే మన బతుకుల్లోకి తెచ్చుకోవాలి. చాలా చోట్ల మొదటి మెట్టు ఎక్కకుండానే మూడో మెట్టు మీదికి దూకుతారు. అప్పుడు ఏ భాగం చదివినా ‘విశ్వాసం ఉంచాలి, ప్రార్థన చేయాలి’ అన్న రెండు మాటలే మిగులుతాయి.

నాలుగో అధ్యాయం చివరి తుపానునే తీసుకో. గలిలయ సముద్రమంటే మన బంగాళాఖాతంలాంటిది కాదు, సుమారు 21 కిలోమీటర్ల పొడవున్న మంచినీటి సరస్సు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, కొండల నడుమ ఉంటుంది. ఆ కొండల మీదినుంచి గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మీలో ఇద్దరు ఫిషింగ్ హార్బరు వైపు అమ్మాయిలన్నావు కదా, పడవలోకి నీళ్ళు ఎక్కుతుంటే ఏం చేస్తారో వాళ్ళనే చెప్పనివ్వు. తర్వాత బైబిళ్ళు తెరిచి వెతకమను: యేసు పడవలో ఏ వైపున, దేనిమీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు? వెంట వేరే పడవలు ఉన్నాయా? శిష్యులు ఆయనను లేపి అడిగిన మాటలో ప్రార్థన ఎంత, నిష్ఠూరం ఎంత? చివరగా ఇది అడుగు: గాలి అణిగిపోయాక వాళ్ళు మిక్కిలి భయపడ్డారని ఎందుకు రాశాడు? అడిగి ఊరుకో. నిమిషం గడిచినా నువ్వు నోరు తెరవకు. ఎప్పుడూ మాట్లాడని పిల్ల మాట్లాడేది ఆ మౌనం తర్వాతే.

మార్కు ఒక కథ మధ్యలో ఇంకో కథ పెడతాడు. ఐదో అధ్యాయంలో సమాజమందిరపు అధికారి యాయీరు కూతురి దగ్గరికి యేసు వెళ్ళే దారిలో రక్తస్రావంతో బాధపడే స్త్రీ వస్తుంది. ఆ పాపకు 12 ఏళ్ళు, ఈమె జబ్బుకూ 12 ఏళ్ళు. టైము చాలలేదని ఆ భాగాన్ని రెండు వారాలకు విడగొట్టవద్దు. కూతురు చావుబతుకుల్లో ఉండగా దారిలో ఆగి నిలబడిన ఆ తండ్రి అవస్థ అప్పుడు కనబడదు. ఎనిమిదో అధ్యాయమూ అంతే. బేత్సయిదా గుడ్డివాడికి మొదట మనుషులు చెట్లలా కనబడి, రెండోసారి చేతులుంచాక స్పష్టమవుతుంది. ఆ వెంటనే పేతురు ‘నీవు క్రీస్తువు’ అని ఒప్పుకుని, కాసేపటికే యేసు చేత గద్దింపు తింటాడు. రెండూ ఒకేరోజు చదవండి.

తెలుగు బైబిలునే పైకి చదివించు. ఈ సువార్తకూ మన ఊరికీ పాత బంధం ఉంది. 1805లో విశాఖకు వచ్చిన లండన్ మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయర్ సహాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశాడు. 1812లో అవి బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆయన బతికి లేడు. అలా చేతికందిన పుస్తకం కాబట్టి చదివేటప్పుడు మాటలు మింగేయవద్దని పిల్లలకు చెప్పు.

చివరి అధ్యాయం దగ్గర ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అతి ప్రాచీన ప్రతుల్లో కొన్ని 16వ అధ్యాయం 8వ వచనం దగ్గరే, యేసు సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న మాటతో ఆగిపోతాయి. ఈ సంగతి దాచవద్దు. ఒక వారం అక్కడే ఆగి, ఆ స్త్రీల భయం గురించి మాట్లాడుకుని, మిగతా వచనాలు తర్వాతి వారం చదవండి.

నీకు తెలియని ప్రశ్న వస్తే రాసి పెట్టుకో, పాస్టరుగారినో నన్నో అడుగుదువుగాని. మొదటి రెండు వారాలు నేను రాను. పెద్దవాడు కూర్చుంటే వాళ్ళు నోరు విప్పరు. తుపాను భాగం వచ్చినప్పుడు మాత్రం కబురు చెయ్యి, వెనక కూర్చుని వింటాను.

మీ మామయ్య