శిరస్త్రాణం వెనక ముఖం

ప్రియమైన అమ్మాయికి,

శుభాశీస్సులు.

నువ్వు పంపిన ఏడు అధ్యాయాలూ చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి చేతిలో పెన్సిల్‌తో. వాటితో పాటు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. "సినిమాగా తీస్తే ప్రతి సీనూ ఎలా కనిపిస్తుందో కళ్ళముందు పెట్టుకుని రాశానండీ" అన్నావు. నీకు చెప్పాలనుకున్నవన్నీ ఆ వాక్యం చుట్టూనే తిరుగుతున్నాయి. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

సినిమా అంటే నాకు చిన్నచూపు లేదు. టోల్కీన్ నవల ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు భాగాలూ 2001, 2002, 2003 డిసెంబరు నెలల్లో వరసగా వచ్చాయి. ఆ మూడేళ్ళూ డిసెంబరు కోసం రోజులు లెక్కపెట్టుకున్నాను. మూడో భాగం పోటీపడిన 11 విభాగాల్లోనూ ఆస్కార్ గెలిచిందని తెలిసినప్పుడు సొంత మనుషులకి వచ్చినంతగా పొంగిపోయాను. ముందు సినిమాలు చూసి తర్వాతే పుస్తకం పట్టుకున్నానని ఏదో తప్పు ఒప్పుకున్నట్టు రాశావు. అందులో తప్పేముంది? ఏ గుమ్మంలోంచి వచ్చినా వచ్చింది ఆ లోకంలోకే కదా. కాకపోతే రాసే మనిషివి కాబట్టి, నిన్ను కట్టిపడేసిన వాటిలో ఏది పుస్తకం చేసిన పనో, ఏది కెమెరా చేసిన పనో విడదీసి చూసుకోవడం నీకు అవసరం.

నీ మొదటి అధ్యాయం డేగ కళ్ళతో మొదలవుతుంది. మంచుకొండలు, లోయ, కోట, కోటగుమ్మం, గుమ్మం ముందు గుర్రం మీద ముసుగు మనిషి. అర పేజీ తిరక్కుండానే ముసుగు తీయించి కనుబొమ్మ మీది గాటు, నీలికళ్ళు, పెదవి చివర నవ్వు అన్నీ చూపించేశావు. అతనెవరో తెలుసుకోవాలన్న ఆత్రం నాలో పుట్టేలోపే తీర్చేశావు.

టోల్కీన్ రౌతుని ఒకసారి చూడు. పుస్తకం మూడో భాగంలో రోహాన్ అనే రాజ్యపు సైన్యం యుద్ధానికి బయల్దేరేటప్పుడు హాబిట్ అనే పొట్టి జాతివాడైన మెర్రీని వెనకే ఉండిపొమ్మంటాడు రాజు. అప్పుడొక సన్నటి రౌతు వచ్చి, నిన్ను నా గుర్రం మీద ఎక్కించుకుని తీసుకెళ్తానంటాడు. పేరు డెర్న్‌హెల్మ్ అని చెప్తాడు. బూడిదరంగు కళ్ళు, బతుకు మీద ఆశ వదిలేసుకున్న మనిషి చూపు. అంతకుమించి మనకేమీ తెలియదు. రోజుల తరబడి ప్రయాణం సాగుతుంది. మెర్రీ ఆ మనిషితో ఒకే గుర్రం మీద కూర్చుని వెళ్తాడు, అయినా అతనికీ తెలియదు. యుద్ధభూమిలో రాజు కూలిపోయాక నాజ్‌గూల్ అనే నల్లరౌతుల నాయకుడు మీదికి వచ్చినప్పుడు, భయంతో కళ్ళు మూతలుపడి మెర్రీ నేల మీద పాకుతుంటాడు. ఆ చీకట్లో అతనికి ముందు వినబడేది గొంతు. డెర్న్‌హెల్మ్ గొంతే, కానీ అందులో ఇంకెవరిదో, ఎప్పుడో విన్న గొంతు ధ్వనిస్తుంది. తర్వాత నవ్వు. మగవాడెవడూ తనని అడ్డుకోలేడని విర్రవీగుతున్న ఆ శత్రువుకి, తను మగవాణ్ణి కాదన్న జవాబు. అప్పుడు, భయాన్ని మించిన ఆశ్చర్యంతో మెర్రీ కళ్ళు తెరుస్తాడు. శిరస్త్రాణం జారిపోయి ఉంది. బంగారు రంగు జుట్టు భుజాల మీద పరుచుకుని ఉంది. రాజు మేనకోడలు ఎయోవిన్.

ఆ పేజీని వందసార్లు చదివి ఉంటాను. చదివిన ప్రతిసారీ నేనూ మెర్రీతో పాటే కళ్ళు మూసుకుంటాను. కెమెరాకి ఆ వీలు లేదు. సినిమాలో మెర్రీని గుర్రం మీదికి లాక్కున్నది ఎయోవినే అని మనకి మొదటే తెలుసు. ఆ నటి ముఖం కనిపిస్తూనే ఉంటుంది, కనిపించక తప్పదు. అందుకని సినిమావాళ్ళు రహస్యాన్ని వదిలేసి వేరే దారి పట్టారు. ఆమె భయాన్ని చూపించారు. యుద్ధానికి ముందు వణికే ఆ ముఖాన్ని మనం చూస్తాం, ఆమె కోసం మనకి గుండె దడ పుడుతుంది. రెండూ గొప్పగానే ఉన్నాయి. కానీ నువ్వు రాస్తున్నది నవల, తల్లీ. ముఖం దాచగలిగే అవకాశం నీ చేతిలో ఉంది. దాన్ని మొదటి పేజీలోనే కెమెరాకి ఇచ్చేశావు.

ఇలాంటిదే ఇంకొకటి. వస్తానని మాటిచ్చిన మాంత్రికుడు గాండాల్ఫ్ రాడు. నాశనం చేయాల్సిన ఉంగరం మోస్తున్న హాబిట్ ఫ్రోడో ఎదురుచూసి చూసి, సెప్టెంబరు 23న ఇల్లు వదిలి బయల్దేరతాడు. దారిలో నల్లరౌతులు తరుముతున్నా గాండాల్ఫ్ జాడ లేదు. నెల తర్వాత ఎల్రాండ్ సభలో కూర్చుని ఆయనే చెప్తే తప్ప, సారుమాన్ అనే ఇంకో మాంత్రికుడు తనని గోపురం మీద బంధించాడన్న సంగతి మనకి తెలియదు. అన్ని పేజీల పాటు ఒక మనిషి లేకపోవడమే కథని నడిపిస్తుంది. సినిమా ఈ వరస మార్చింది. ఫ్రోడో అడుగు బయటపెట్టగానే ఆ ఇద్దరు మాంత్రికుల పోరాటం చూపించేసింది. సభలో కూర్చుని గంటసేపు జరిగిపోయిన సంగతులు చెప్పుకుంటే హాల్లో జనం నిద్రపోతారు, కాబట్టి వాళ్ళు చేసింది సరైన పనే. నువ్వు మాత్రం నీ మూడో అధ్యాయంలో గురువుగారు ఎక్కడున్నారో మాకు చూపించనవసరం లేదు. చూపించకపోతే ఏమవుతుందోనని భయపడ్డావని నాకు తెలుస్తోంది. పాఠకుడు ఎదురుచూస్తాడు. ఎదురుచూపంటే వాళ్ళకి ఇష్టం, ఆ ఇష్టంతోనే వెయ్యి పేజీలు తిప్పుతారు.

ఇప్పుడు రెండో వైపు చెప్పకపోతే సినిమాకి అన్యాయం చేసినదాన్నవుతాను. పుస్తకం చివర్లో నలుగురు హాబిట్లూ తమ ఊరు షైర్‌కి తిరిగివచ్చేసరికి అది పాడైపోయి ఉంటుంది. చెట్లు కొట్టేసి ఉంటారు, రౌడీలు ఏలుతుంటారు. దాన్ని బాగుచేసుకోవడానికి ఒక పెద్ద అధ్యాయమే పడుతుంది. సినిమాలో ఆ అధ్యాయం లేదు. చాలామంది అభిమానులకి అది ఇప్పటికీ గుండెల్లో ముల్లే, నాకు కూడా. కానీ దాని బదులు వాళ్ళు పెట్టిన చిన్న సీను చూడు. నలుగురూ తమ పాత తాగుడు కొట్లో బల్ల చుట్టూ కూర్చుంటారు. ఊళ్ళో ఏదీ మారలేదు. ఎవరో పెద్ద గుమ్మడికాయ పట్టుకుని వస్తే అందరి కళ్ళూ దాని మీదే. లోకాన్ని కాపాడి వచ్చిన ఈ నలుగురినీ ఎవరూ పట్టించుకోరు. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, మాట్లాడకుండా కప్పులు తాకించుకుంటారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళ ఒంటరితనం మొత్తం ఆ నిమిషంలో ఉంది. 1916లో సోమ్ యుద్ధానికి వెళ్ళివచ్చిన టోల్కీన్‌కి ఆ చూపుల అర్థం బాగా తెలిసి ఉండేదనుకుంటాను. ఆ సీనులో నటుల ముఖాలు చేసిన పని నువ్వూ నేనూ మూడు పేజీలు రాసినా చేయలేం. చేయబోకు కూడా.

ఇక కాలం సంగతి. నీ నవల చదువుతుంటే నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇదే. నీ వాళ్ళు ఒక అధ్యాయం చివర ఎడారిలో ఉంటారు, తర్వాతి అధ్యాయం మొదట్లో సముద్రతీరంలో తేలతారు. మధ్యలో నడక లేదు. సినిమాలో అయితే పైనుంచి ఒక షాట్, కాస్త సంగీతం, చాలు. నవలలో నడక కూడా కథే. ఫ్రోడో ఇల్లు వదిలిన సెప్టెంబరు నుంచి ఉంగరం నాశనమయ్యే మార్చి 25 దాకా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో ఆకులు రాలతాయి, మంచు కురుస్తుంది, చంద్రుడు పెరిగి తరుగుతాడు. టోల్కీన్ చంద్రకళలు కూడా లెక్క చూసుకుని రాశారు. 1958లో ఒకరు ఈ కథని సినిమాకి కుదించి ఆయనకి పంపితే, దాని మీద పెద్ద ఉత్తరమే రాశారు. అనవసరంగా పోరాటాలు పెంచారని, ఎక్కడ పడితే అక్కడ గద్దల్ని దింపారని ఆయన బాధ. అంతకంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఋతువుల గురించి ఆయన పట్టుదల. కాలం గడిచిందని చూపించడానికి ఋతువులు ఉండగా వాటిని ఎందుకు వదిలేశారన్నది ఆయన ప్రశ్న. ఆ సినిమా తయారవలేదు.

నలభై ఏళ్ళ తర్వాత ఆ పట్టుదలని జాక్సన్ బృందం తమ పద్ధతిలో అర్థం చేసుకుంది. న్యూజిలాండ్‌లో హాబిట్ల ఊరు సెట్ కోసం షూటింగుకి ఏడాది ముందే మొక్కలు నాటారు. తెరమీద ఆ తోటలు నిన్న పెట్టినవిలా కాకుండా తరాల నుంచీ ఉన్నవిలా కనిపించాలని. పుస్తకాలకి ఎన్నో ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్న ఆలన్ లీ, జాన్ హౌలనే పిలిపించుకుని ఆ లోకాన్ని గీయించుకున్నారు. సారుమాన్ వేషం వేసిన క్రిస్టఫర్ లీ అయితే ఆ పుస్తకాన్ని ఏటా ఒకసారి చదివే మనిషి. అంటే ఆ సినిమాలు తీసింది పాఠకులు. అందుకే అంత బాగున్నాయని నా నమ్మకం.

ఇలాంటి పాఠకులే రేపు నీ పుస్తకం చేతిలోకి తీసుకునేది. వాళ్ళని తక్కువ అంచనా వేయకు. పుస్తకంలో అడవి దగ్గర హాబిట్లకి ఆశ్రయమిచ్చే టామ్ బొంబడిల్ సినిమాలో లేడని ఇన్నేళ్ళ తర్వాత కూడా వాదించుకునేవాళ్ళని చూసి కొందరు విసుక్కుంటారు. నాకు మాత్రం ముచ్చటేస్తుంది. ఆ అడవిలో వాళ్ళు రెండు రాత్రులు పడుకుని లేచారు మరి. ఒక్కోసారి ఆ కోపం వెనక చాలా పెద్ద విషయం ఉంటుంది. ఉర్సులా లె గ్విన్ 1968లో వచ్చిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో కథానాయకుడు గెడ్‌ని గోధుమరంగు చర్మం ఉన్నవాడిగా రాశారు. అది ఆవిడ కావాలని చేసిన పని. 2004లో టీవీకి తీసినవాళ్ళు అతన్ని తెల్లవాడిగా మార్చేస్తే ఆవిడ బహిరంగంగా నిరసన తెలిపారు. రచయిత మిషాయెల్ ఎండె తన నవల 'నెవరెండింగ్ స్టోరీ'ని తీసిన సినిమా చూసుకుని తన పేరు తీసేయమన్నారు. హక్కులు అమ్మాక తెరమీద ఏం జరుగుతుందో రచయిత చేతిలో ఉండదు. పేజీ మాత్రం పూర్తిగా నీది. అది నీదిగా ఉన్నన్నాళ్ళూ పేజీకే రాయి.

ప్లాను గురించి అడిగావు. పన్నెండు భాగాలకి సరిపడా వంశవృక్షాలు, మ్యాపులు, రాజ్యాల చరిత్ర సిద్ధం చేసుకున్నాకే ముందుకెళ్ళాలా అని. నా మొదటి నవలకి నేను రెండేళ్ళు అదే పని చేశాను. రంగు పెన్సిళ్ళతో నదులు గీసుకుంటూ కూర్చున్నాను. రాసిన వంద పేజీలు చదివి ఒక స్నేహితురాలు ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "వీళ్ళలో ఎవరికీ కాళ్ళు నొప్పి పుట్టవా?" ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు మ్యాపు మడిచి లోపల పెట్టి, ఒక ముసలాయన కొండెక్కడం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. మ్యాపు వద్దనడం లేదు, కావాలి. దూరాలు, రోజులు తప్పకుండా ఉండటానికి అది చాలా సాయం చేస్తుంది. కానీ టోల్కీన్ అంతటివారే బ్రీ ఊరి సత్రంలో మూలన కూర్చున్న స్ట్రైడర్ ఎవరో ఫ్రోడోకి ఎంత తెలుసో తనకీ అంతే తెలుసని చెప్పుకున్నారు. చివరికి రాజయ్యే అతను మొదటి డ్రాఫ్టుల్లో రాజు కాదు, ట్రాటర్ అనే పేరుతో చెక్కచెప్పులు వేసుకుని తిరిగే హాబిట్. ఫ్రోడో పేరు కూడా మొదట బింగో. 1937 చివర్లో మొదలుపెట్టిన కథ ముగిసేసరికి 1949 వచ్చింది, అచ్చయ్యేసరికి 1954. ఆ పన్నెండేళ్ళలో ఎన్నోసార్లు ఆగిపోయారు. 1944లో కొడుకు సైన్యంలో దక్షిణాఫ్రికాలో ఉంటే, రాసిన అధ్యాయాలు రాసినట్టు అతనికి పోస్టులో పంపేవారు. లోకంలోని కోట్లమంది పాఠకుల కంటే ముందు ఆయనకి ఉన్నది ఆ ఒక్క కొడుకూ, వారంవారం కలిసే కొద్దిమంది స్నేహితులూ. నీకు మీ అన్నయ్య ఉన్నాడన్నావు. అతనికే చదివి వినిపించు. అతను ఫోన్ వైపు చూసిన చోటల్లా గుర్తు పెట్టుకో.

నీ నాలుగో అధ్యాయం గురించి కావాలనే ఇంతసేపూ చెప్పలేదు. ఆ పిల్ల వరదలో పడవ తాడు పట్టుకుని లాగుతుంది కదా. తాడు ఒరుసుకుని అరచేయి కాలిపోతుంది. అప్పటికి అంతే, పడవ ఒడ్డు చేరిపోతుంది, కథ ముందుకెళ్ళిపోతుంది. నాలుగు పేజీల తర్వాత, రాత్రి పడుకోబోయే ముందు చెప్పుల వారు విప్పుకోవడానికి వేళ్ళు ముడుచుకోవు. ఎవరినీ అడగలేక చెప్పులతోనే పడుకుంటుంది. ఆ వాక్యం చదివి పెన్సిల్ కింద పెట్టేశాను. అది రాసేటప్పుడు నీ తలలో కెమెరా లేదు, నువ్వు ఆ పిల్ల చేతిలో ఉన్నావు. ఏడు అధ్యాయాల్లో నేను మర్చిపోలేనిది అదే. మంచుకొండలు నాకు గుర్తులేవు.

మొదటి అధ్యాయం తిరిగి రాయి. డేగని పంపించేయి. గుమ్మం దగ్గర కాపలా ఉన్న కుర్రాడు ఒకడున్నాడు, నువ్వు అతనికి ఒక్క లైనే ఇచ్చావు. చలికి వేళ్ళు కొంకర్లు పోయిన ఆ కుర్రాడి వైపు నుంచి మొదలుపెట్టి చూడు. చీకట్లో అతనికి ముందు ఏం వినబడుతుంది? గుర్రం డెక్కల చప్పుడా, ముక్కుపుటాల శబ్దమా? ముసుగు మనిషి ముసుగు తీయకుండానే లోపలికి వెళ్ళిపోవాలి. అతని ముఖం మాకు ఏ అధ్యాయంలో కనిపించాలో అప్పుడే తేల్చుకోకు, రాస్తూ వెళ్ళు. నాలుగు పేజీలైనా సరే, అయిన వెంటనే పంపు. పెన్సిల్ చెక్కి పెట్టుకుంటాను.

ప్రేమతో,
నీ అత్తయ్యలాంటి పాత రచయిత్రి