సర్టిఫికెట్ వచ్చింది, బ్యాలెన్స్ షీట్ అంటే భయం పోలేదు

ప్రశ్న: బి.ఎస్సీ. చదివాను. ఆన్‌లైన్‌లో అకౌంటింగ్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. అయినా ఏ కంపెనీ బ్యాలెన్స్ షీట్ తెరిచినా టెన్షనే. ఇంకో కోర్సు కొనమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కొనకండమ్మా. రైస్ మిల్లులో పద్దులు రాసే రోజుల్లో నాదీ బట్టీ చదువే. ఒక మార్చి నెలాఖరున లక్ష రూపాయల లాభం తేల్చి గొప్పగా చూపించాను. ఓనరుగారు గల్లాపెట్టె సొరుగు లాగి, "ఏదయ్యా ఆ లక్ష?" అన్నారు. సొరుగులో రబ్బరు బ్యాండ్లు తప్ప ఏమీ లేవు. పది లక్షల బియ్యం అరువు మీద వెళ్లాయి. ధాన్యానికి, కూలీలకు తొమ్మిది లక్షలు నగదుగా ఇచ్చేశాం. లాభనష్టాల ఖాతాలో లక్ష లాభం, క్యాష్ ఫ్లోలో (చేతికి వచ్చిన, చేతి నుంచి పోయిన నగదు లెక్కలో) తొమ్మిది లక్షల లోటు! ఆ రోజే నాకు అకౌంటింగ్ వచ్చింది.

మీరు రోజూ వాడే సబ్బు కంపెనీ వార్షిక నివేదిక దించుకోండి. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితమే. ఐదేళ్ల నికర లాభం ఒక వరసలో, ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో (అసలు వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు) పక్క వరసలో, చేత్తోనే రాయండి. లాభం పెరుగుతున్నా నగదు రాకపోతే అదే నివేదికలో ట్రేడ్ రిసీవబుల్స్ నోట్‌కి, అంటే కొనుగోలుదారుల నుంచి రావలసిన బాకీల వివరణకి వెళ్లండి. ఆరు నెలల లోపు బాకీ ఎంత, మూడేళ్లు దాటింది ఎంత అని అక్కడ విడివిడిగా ఉంటుంది.

అన్నట్టు, మీది అమెరికా కోర్సయితే అందులోని బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వరసలో నగదు పైన ఉంటుంది. మన లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) కంపెనీల్లో చాలావరకు ఫ్యాక్టరీలు, యంత్రాలు ముందు వస్తాయి. సగం బెదురు అందుకేనేమో.